ప్రమాదము

సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. తెలుగున దాని ఫలమైన ఆపదకే ఆ పేరు. ఏమరినవాడొకడు, ఆపద పాలగువాడు వేరొకడు అయినచో, చెడు తలంపు లేదుగదా యని మొదటివానిని విడువవచ్చునా?

ఐల్ ఆఫ్ మాన్ పందెములలో పేరుగాంచిన పాత నార్టన్ మాంక్స్ మోటారు సైకిలునే తీసికొందము. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు 36 డిగ్రీలకు పట్టు కాలము సెకనులో వేయవ వంతు. మంట వ్యాపించుటకు వ్యవధి కావలయును గనుక, పిస్టను శిఖరము చేరకమునుపే మాగ్నెటో నిప్పురవ్వ నీయవలెను. రవ్వ మరీ ముందైనచో పిస్టను కరగి పట్టివేయవచ్చును. వెనుకచక్రము బిగిసి రౌతు నేల గూలును.

కుదుర్చువాడు మొదట పాయింట్ల ఎడమును సరిచేయవలెను. ఎడము పెరిగిన రవ్వ ముందగును. పిమ్మట డిగ్రీల చక్రము నమర్చి, పిస్టనుకు అడ్డుపెట్టి, ఇరువైపుల నుండి త్రిప్పగా ఆగిన గుర్తుల నడిమిని శిఖరముగ నెంచవలెను. పాయింట్ల నడుమ సిగరెట్టు కాగితముంచి, గొలుసు వదులు మోసపుచ్చకుండ ఇంజను నడచు దిశనే త్రిప్పవలెను. కాగితము జారిన క్షణమే రవ్వ పుట్టు క్షణము. మాగ్నెటో తిరుగునది సగము వేగమున. అచ్చటి ఒక డిగ్రీ తప్పు ఇంజనునందు రెండగును.

తుదకు నట్టు బిగించునపుడు పళ్లచక్రము కదలవచ్చును. ఇది తెలిసియు మరల చూడనివానికి ద్వేషము లేదు, నిజమే. అయినను అతడు నిర్దోషి యనుటకు మేమొప్పుకొనము. పందెమునకు దిగు రౌతు ఆ పాయింట్లను విప్పి చూడలేడు. మరల చూచుటకు వలసినది ఆ కాగితపు ముక్కయే.