వలలో చిక్కిన ఋషులు

ఋగ్వేదం 8వ మండలంలోని 67వ సూక్తం ఆదిత్యులను శరణు వేడే ప్రార్థన. దాని ఋషి ఎవరన్న దగ్గర సర్వానుక్రమణి మూడు పక్షాలు చెబుతుంది. మత్స్య సామ్మదుడు కావచ్చు, మాన్య మైత్రావరుణి కావచ్చు, లేదా వలలో చిక్కిన అనేక మత్స్యాలు కావచ్చు. నిరుక్తకారుడు యాస్కుడు కూడా ఈ మూడో మాటను తలుచుకున్నాడు. నోరులేని జీవాలకు ఋషిత్వం ఇచ్చిన ఈ సంప్రదాయానికి చేతులెత్తి మొక్కాలి. కలిసి చిక్కుకున్నాయి, కలిసి మొరపెట్టుకున్నాయి, ఆ మొర మంత్రమైంది. చేపలు గుంపుగా ఎందుకు ఈదుతాయో తెలిస్తే ఆ మంత్రం మనకు ఇంకొంచెం దగ్గరవుతుంది.

గద్వాల దగ్గర జూరాల జలాశయం, శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి పక్కన రంగసముద్రం, సోమశిల దగ్గర కృష్ణ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సీమ బతుకు నీటితోనూ ఆ నీటిలోని చేపలతోనూ ముడిపడింది. వానకాలంలో చెరువు నిండాక తుంగ మొలిచిన ఒడ్డున ఓపిగ్గా నిలబడితే కొర్రమట్ట పిల్లలు కనిపిస్తాయి. నీటి మీద ఎర్రటి మచ్చ ఒకటి కుతకుతలాడుతుంటుంది. తేరిపార చూస్తే అవన్నీ చేపపిల్లలే. గాలి గుక్క కోసం పైకొస్తాయి, మళ్లీ దిగుతాయి. వాటి అడుగున తల్లో తండ్రో కాపలా. మనిషి నీడ పడిందా, ఎర్రమచ్చ క్షణంలో మాయం. కాసేపటికి మరోచోట తేలుతుంది.

చేపల గుంపుకు స్థిరమైన నాయకుడంటూ ఉండడు. గుంపు పక్కకు మళ్లితే అంచున ఉన్నది ముందుకొస్తుంది, ముందున్నది అంచుకు పోతుంది. ప్రతి చేపా గమనించేది తన చుట్టూ ఉన్న కొద్దింటినే. మరీ దగ్గరైతే తప్పుకుంటుంది, దూరమైతే చేరువవుతుంది, అవి తిరిగిన వైపు తిరుగుతుంది. చూపుతోపాటు, తల నుంచి తోక దాకా ఒంటి పక్కన సాగే పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఇందుకు సాయపడుతుంది. పొరుగు చేప తోక కదిపితే నీటిలో పుట్టే ఒత్తిడిని అది పసిగడుతుంది. 1976లో పిచర్, పార్ట్రిడ్జ్, వార్డిల్ అనే శాస్త్రవేత్తలు ఒక రకం సముద్రపు చేపల కళ్లు కప్పి చూశారు. చూపు లేకపోయినా అవి గుంపులో తమ చోటు తప్పలేదు. పార్శ్వరేఖ కూడా లేకుండా పోయినప్పుడే కలిసి ఈదలేకపోయాయి.

ఇక్కడ మనం లోపలికి చూసుకోవాలి. మనకు కళ్లున్నాయి, పక్కవారి కదలిక మాత్రం తగలదు. ఇంట్లో అమ్మ రెండు పూటలుగా సరిగా తినలేదన్న సంగతి కంచం ఎదురుగా ఉన్నా తెలియదు. ఆ స్పర్శను మొద్దుబార్చేది అహంకారం. ఆ మొద్దుతనం పోగొట్టుకోవటమే సాధన.

కలిసి ఈదటం వల్ల మేలు ఎన్నో రకాలు. అన్ని కళ్లూ కాపలా కాస్తాయి, మేత ఉన్న చోటు త్వరగా తెలుస్తుంది, వేటాడే చేపకు ఏ ఒక్కదాని మీదా గురి కుదరదు. అన్నిటికంటే మనసును కదిలించేది ఇంకొకటుంది. తేనెటీగల నాట్యభాషను విప్పిచెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒక చిన్న మంచినీటి చేపను పరిశీలించి 1938లో దీన్ని వెల్లడించాడు. గాయపడిన చర్మం నుంచి వచ్చే పదార్థం నీటిలో కలవగానే తోటి చేపలు బెదిరి జాగ్రత్తపడతాయి. మన రవ్వ, బొచ్చె ఆ చేపకు చుట్టాలే. ఒకదాని గాయం మిగిలినవాటికి రక్ష అవుతోంది. పగగా దాచుకోకపోతే మన బాధ కూడా పదిమందికి అలాగే దారి చూపగలదు.

అయితే గుంపు వల్ల గండమూ ఉంది. వల విసిరేవాడు వెతికేది గుంపునే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతూ చేపనూ వారిలో చేర్చాడు. గాలానికి గుచ్చిన ఎరకు ఆశపడి చచ్చే చేప, జిహ్వను గెలవమని ఆయనకు నేర్పింది. ఎర ఒక్కదాన్ని పడుతుంది, వల అన్నిటినీ పడుతుంది. కోరిక ఒక్కటే పదిమందినీ నడిపిస్తే ఆ పదిమందీ నడిచేది వలలోకే.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడికి ఇంకో చేపను చూపిస్తాడు. ఆ మహామత్స్యం ఒంటరిది. నది ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ స్వేచ్ఛగా తిరుగుతుంది. మెలకువకూ కలకూ మధ్య పురుషుడి సంచారం అలాంటిదే అంటాడు ఋషి. సూక్తంలోని గుంపుకూ ఉపనిషత్తులోని ఒంటరి చేపకూ విరోధం లేదు. కొర్రమట్ట బతుకులోనే రెండూ ఉన్నాయి. ఎరుపు పోయి పెద్దయ్యాక అది గుంపు విడిచి ఒంటరిగా మసలుతుంది. తనకు పిల్లలు పుట్టాక మళ్లీ కాపలాకు నిలబడుతుంది. మనమూ సత్సంగంలో పెరగాలి, ఏకాంతంలో పండాలి, పండాక పదిమందికి కాపు కావాలి.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లిలో, సోమశిలలో జనం బారులు తీరి స్నానం చేశారు. మునక ఎవరిది వారిదే, నది అందరిదీ. ఇకపై ఏ తీర్థానికి వెళ్లినా సంకల్పంలో మన గోత్రనామాలతోపాటు పక్కన మునిగే అపరిచితుల క్షేమం కూడా చేర్చుకుందాం. పుణ్యం దక్కిందా అని ఎవరినీ అడగనక్కరలేదు. పక్కవారి కాలు జారినప్పుడు మన చేయి ఎంత త్వరగా లేచిందో అదే చెబుతుంది.