పసిబిడ్డ పిలిస్తే పలకండి



ఆ మధ్య పటమటలో ఒక ఇంటికి సాయంకాల జపమాలకు వెళ్లాను. మరియమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. ఏడాది నిండిన బాబు ఆ వెలుగును వేలెత్తి చూపి, తండ్రి ముఖంలోకి చూశాడు. తండ్రి చూపు సెల్‌ఫోన్ మీద ఉంది. బాబు మళ్లీ చూపించాడు. మూడోసారి కేక పెట్టాడు. "ప్రార్థన మొదలుపెడదాం, బాబును లోపలికి తీసుకెళ్లండమ్మా" అన్నాను నేను. తిరిగి వస్తుంటే ఆ మాటే నన్ను నిలదీసింది. ఆ ఇంట్లో వెలుగును ముందుగా చూసి, మనల్ని రమ్మని పిలిచింది ఆ పసివాడే గదా!

మాటలు రాకముందే బిడ్డ మనతో మాట్లాడుతుంది. రెండో నెలకల్లా మన ముఖం చూసి నవ్వుతుంది. 'ఉంగా' అంటుంది. తల్లి కూడా 'ఉంగా' అని ఆగితే, బిడ్డ మళ్లీ అందుకుంటుంది. ఒకరు పలికితే ఒకరు వినాలన్న మర్యాదకు అదే తొలిపాఠం. ఏడాది వచ్చేసరికి వేలెత్తి చూపుతుంది. 'అది ఇవ్వు' అనడమే కాదు, 'నాతో కలిసి చూడు' అనడం కూడా అందులో ఉంది.

1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లులను కొద్ది నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా బిడ్డల ఎదుట కూర్చోమన్నారు. పసివాళ్లు నవ్వి పిలిచారు, చేతులు చాచారు. జవాబు రాకపోయేసరికి ముఖం తిప్పేసుకున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు టీవీ, ఫోను చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో సూచించింది.

పగలంతా కష్టపడి వచ్చే తల్లిదండ్రులను నిందించడానికి ఈ మాటలు చెప్పడం లేదు. ప్రతి పిలుపుకూ పలకడం ఎవరి తరమూ కాదు. తప్పిపోయినప్పుడు మళ్లీ దగ్గరకు తీసుకుంటే చాలు, బిడ్డ మళ్లీ నవ్వుతుంది. క్షమాపణ, సమాధానం ఇంట్లో నేర్చుకునేది అలాగే.

మార్కు సువార్త 10వ అధ్యాయం చూడండి. పిల్లలను తెచ్చినవారిని శిష్యులు గద్దించారు, ఆనాడు నేను చేసినట్లే. ప్రభువు మాత్రం ఆ పిల్లలను ఎత్తుకొని, చేతులుంచి ఆశీర్వదించారు. కుటుంబాన్ని గృహ శ్రీసభ అని రెండవ వాటికన్ మహాసభ 1964లో పేర్కొన్నది. ఆ శ్రీసభలో బిడ్డ చదివే మొదటి గ్రంథం మన ముఖమే.

ఈ రాత్రి జపమాలకు ముందు ఫోను పక్కన పెట్టండి. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, ఆ చిన్న చేతిని పట్టుకొని సిలువ గుర్తు వేయించండి. కొవ్వొత్తిని చూపితే "అవును నాన్నా, వెలుగు!" అనండి. పిలిస్తే పలికేవారున్నారని ఇంట్లో ఎరిగిన బిడ్డకు, పరలోకమందున్న తండ్రిని పిలవడం కొత్తగా తోచదు.

గుణదల మాత మన పసిబిడ్డలను తన ఒడిలో కాపాడునుగాక! ఆమెన్.