మైకు ఎవరి మీద లేవాలి?



మొన్న ఏప్రిల్ 14న మా పేట అంబేడ్కర్ భవనంలో జరిగిన సంగతి ఒకటి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. ఐదుగురు ఆడపిల్లలు, ఇద్దరు ఇంటర్, ముగ్గురు డిగ్రీ, నెల రోజులు మేడ మీద ప్రాక్టీసు చేసి ఒక కొరియన్ గర్ల్ గ్రూప్ పాటకు డాన్స్ వేశారు. తెల్ల చొక్కాలు, నల్ల స్కర్టులు. పాట సగంలో ఉండగానే పెద్దాయన ఒకరు లేచి మైకు అందుకున్నారు. "బాబాసాహెబ్ జయంతి రోజున మన ఆడపిల్లలు చేయాల్సిన పనేనా ఇది? ఆ నడుం తిప్పడాలేంటి?" అన్నారు. పాట ఆగిపోయింది. పిల్లలు వెనక గదిలోకి పోయి ఏడ్చారు.

అందులో ఒకమ్మాయి నన్ను అత్తా అని పిలుస్తుంది. కళ్ళు తుడుచుకుని నన్ను ఒక్కటే అడిగింది. "అత్తా, మేం చేసింది తప్పే అనుకో. ఆ పాటను అట్లా తయారుచేసినోళ్ళది తప్పు కాదా? రోజూ ఫోన్లో చూసేటోళ్ళది కాదా? మైకు మా మీదే ఎందుకు లేచింది?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల ఆదివారం వందనకు రావడం మానేసింది. ఆమెకు నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసం.

తయారీ ఎట్లా జరుగుతుంది?

నేను బి.ఏ. చదివే రోజుల్లో మా హాస్టల్ టీవీలో స్పైస్ గర్ల్స్ పాటలు వచ్చేవి. ఐదుగురు స్నేహితురాళ్ళు కలిసి పెట్టుకున్న బృందం అనుకునేవాళ్ళం. నిజం ఏమిటంటే, 1994లో ఇంగ్లండులో తండ్రీకొడుకులైన ఇద్దరు మేనేజర్లు ఒక పత్రికలో ప్రకటన వేశారు. 18 నుంచి 23 ఏళ్ళ వయసుండి, పాడగలిగి, ఆడగలిగి, చలాకీగా ఉండే అమ్మాయిలు కావాలని. వందల మంది వస్తే వాళ్ళలోంచి ఏరి గ్రూపు కట్టారు. 1996లో మొదటి పాట వచ్చింది, ప్రపంచమంతా మోగింది.

ఒక పాప్ పత్రిక ఆ ఐదుగురికీ ముద్దుపేర్లు పెట్టింది. ఒకామె బేబీ, ఒకామె పాష్, ఒకామె స్పోర్టీ, ఒకామె జింజర్. ఐదో ఆమె పేరు స్కేరీ, అంటే భయపెట్టేది. ఆ ఐదుగురిలో నల్లజాతి అమ్మాయి ఆమె ఒక్కతే. అప్పట్లో మేం ఆ పేరు విని నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రాదు. మన తాతముత్తాతలకు పేర్లు ఎవరు పెట్టారో, ఎట్లాంటివి పెట్టారో తెలిసినవాళ్ళం కదా మనం. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే మనిషి బొమ్మ కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఈ పనిని ఒక పెద్ద పరిశ్రమగా మార్చింది దక్షిణ కొరియా. అక్కడి కంపెనీలు పదకొండు, పన్నెండేళ్ళ పిల్లల్ని కూడా ఆడిషన్లో ఏరి ట్రైనీలుగా తీసుకుంటాయి. ఏళ్ళ తరబడి పాట, ఆట, భాష, నడక నేర్పుతాయి. చాలా కంపెనీల్లో ఆ ఖర్చంతా తరవాత పిల్ల సంపాదనలోంచి రాబట్టుకుంటారు. గ్రూపు బయటికి వచ్చేముందు "కాన్సెప్ట్" ఖాయం చేస్తారు. ఈసారి అమాయకపు బడిపిల్లల వేషమా, వచ్చేసారి కవ్వించే ఆడవాళ్ళ వేషమా అనేది ఆఫీసులో కూర్చున్నవాళ్ళు తేలుస్తారు. ఇక్కడ ఒకటి గమనించాలి. అమాయకత్వం కూడా అక్కడ అమ్మకపు సరుకే. కాబట్టి నిండుగా బట్ట కడితే దోపిడీ లేనట్టూ కాదు, బట్ట తగ్గితే పిల్ల చెడిపోయినట్టూ కాదు.

2009లో ఒక మగపిల్లల గ్రూపులో ముగ్గురు కోర్టుకెక్కారు. వాళ్ళ చేత రాయించుకున్న కాంట్రాక్టు 13 ఏళ్ళది. ఆ గొడవ తరవాతే అక్కడి ప్రభుత్వ సంస్థ ఏడేళ్ళకు మించరాదని నమూనా కాంట్రాక్టు తెచ్చింది. మైనర్ కళాకారుల పనిగంటలకు, రాత్రిపూట పనికి హద్దులు పెడుతూ 2014లో చట్టం వచ్చింది. చట్టం పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు సంగతి ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ఆమె ఒప్పుకునే చేసింది కదా"

ఈ మాట అందరూ అంటారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఆ అమ్మాయిలకు ఆట అంటే ప్రాణం. ఎవరూ కాళ్ళు కట్టి లాక్కురాలేదు. స్పైస్ గర్ల్స్ అయితే మొదటి మేనేజర్లను వదిలేసి సొంతంగా బయటికొచ్చారు, 1997లో తరవాతి మేనేజర్నూ తీసేశారు. ఆడవాళ్ళు ఉత్త కీలుబొమ్మలే అంటే వాళ్ళ తెలివిని మనమే అవమానించినట్టు.

కానీ బుద్ధుడు కర్మ అంటే ఏమని చెప్పాడు? చేతనే కర్మ అన్నాడు. చేసిన చెయ్యి ఎవరిదని కాదు, ఆ పని వెనక సంకల్పం ఎవరిదని చూడమన్నాడు. ఆ వెలుగులో చూడండి. నడుం ఆ అమ్మాయిది. ఆ నడుం మీద కెమెరా ఎక్కడ ఆగాలన్న సంకల్పం ఎవరిది? స్కర్టు వేసుకున్నది ఆమె. దాని పొడవు తేల్చింది ఎవరు? పన్నెండేళ్ళప్పుడు గడప దాటి, ఖర్చు బాకీగా నెత్తిన పడి, ఏళ్ళ తరబడి శిక్షణలో పెరిగిన పిల్ల ఇరవయ్యో ఏట "నాకిష్టమే" అంటే ఆ మాట అబద్ధమని నేననను. కానీ ఆ ఇష్టం ఏ పరిస్థితుల్లోంచి పుట్టిందో కూడా చూడాలంటాను. ఏదీ తనంత తాను పుట్టదు, కారణాలను బట్టే పుడుతుంది అన్నది మన ధమ్మంలో మొదటి పాఠం కదా.

బట్ట ఎంత అని కాదు

మన పెద్దవాళ్ళు బట్ట దగ్గరే ఆగిపోతారు. అక్కడ చరిత్ర మనకు ఒక హెచ్చరిక చేస్తోంది. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ స్త్రీలు పై కులాలవాళ్ళ ముందు రొమ్ము కప్పుకోరాదన్నారు. కప్పుకుంటే కొట్టారు, చించారు. ఆ తల్లులు దశాబ్దాలు పోరాడితే 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. అప్పుడు కూడా పై కులాల స్త్రీల మాదిరిగా మాత్రం కట్టుకోకూడదని మెలిక పెట్టాడు. అక్కడ కప్పుకోవడమే నేరం. ఇంకోచోట కప్పుకోకపోవడం నేరం. రెండు చోట్లా బట్ట గురించి తీర్పు చెప్పింది ఆ బట్ట కట్టుకున్న మనిషి కాదు.

సల్లీ అనే కొరియన్ గాయని సంగతి చూడండి. 2009లో ఒక గర్ల్ గ్రూపుతో రంగం మీదికి వచ్చింది. కంపెనీ ఇచ్చిన వేషాల్లో ఉన్నన్నాళ్ళూ లక్షల మంది చప్పట్లు కొట్టారు. తరవాత గ్రూపు నుంచి బయటికి వచ్చి, లోదుస్తులు వేసుకోవాలా వద్దా అన్నది నా ఇష్టం అని తన శరీరం గురించి తానే నిర్ణయం తీసుకుంది. దాంతో ఇంటర్నెట్టులో బూతులు కురిశాయి. అవే కళ్ళు, అదే శరీరం. మారింది ఒక్కటే, నిర్ణయం ఆమెది కావడం. 2019లో, మనం ధమ్మ దీక్షా దినం జరుపుకునే అక్టోబరు 14నే, ఆమె చనిపోయింది. వయసు 25. మరో నెల పది రోజులకు ఆమె స్నేహితురాలు, ఇంకో గర్ల్ గ్రూపులో పాడిన గూ హారా కూడా పోయింది. ఆమెకు 28. ప్రతి ఏటా నీలి జెండా పట్టుకుని బయలుదేరే ఆ రోజున ఈ పిల్ల నాకు గుర్తొస్తుంది.

చూసే కన్ను

ఇక చూసేవాళ్ళ దగ్గరికి వద్దాం. 2014 ఆగస్టులో ఎక్సిడ్ అనే గ్రూపు పాట ఒకటి వచ్చి ఎవరికీ పట్టకుండా పోయింది. అక్టోబరులో ఒక అభిమాని వాళ్ళ ప్రదర్శనకు పోయి, ఐదుగురిలో ఒక్క అమ్మాయి మీదే కెమెరా పెట్టి ఆమె కదలికలు తీసి నెట్టులో పెట్టాడు. జనం ఎగబడి చూశారు. పడిపోయిన పాట నెలల తరవాత చార్టుల్లో పైకి పాకింది. ఆ గ్రూపు నిలబడింది. పాట మారలేదు, గొంతు మారలేదు. కెమెరా ఎక్కడ నిలిచిందన్నదే మారింది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, కంపెనీ ఒక్కటే ఈ బొమ్మను తయారుచేయడం లేదు. మన వేలు ఎక్కడ ఆగితే, మన కన్ను ఎంతసేపు నిలిస్తే, అది లెక్కల్లోకి ఎక్కి రేపటి కాన్సెప్ట్ అవుతుంది. కన్ను రూపాన్ని తాకుతుంది, సుఖం తోస్తుంది, దాని వెంట తణ్హ పుడుతుంది. బుద్ధుడు ఈ వరసను మనసు గురించి చెప్పాడు. ఇవాళ ఆ వరస మీద వ్యాపారం కట్టారు. మైకు పట్టుకుని పిల్లలను తిట్టిన సభలో ఫోన్ లేని మగవాడు ఒక్కడూ లేడు. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను. ఆ పాటలు నేనూ చూశాను.

ఆమె పనిమనిషా, సరుకా?

2024 అక్టోబరులో న్యూజీన్స్ గ్రూపుకు చెందిన హన్నీ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి కొరియా పార్లమెంటు విచారణలో కూర్చుని, పనిచోట నన్ను అవమానిస్తున్నారని కన్నీళ్ళతో చెప్పింది. మరుసటి నెలలో కార్మిక శాఖ జవాబిచ్చింది. చట్టం ప్రకారం ఆమె కార్మికురాలి కిందికి రాదు, కాబట్టి పనిచోట వేధింపుల నిబంధన ఆమెకు వర్తించదు అని. పొద్దున్నుంచి రాత్రిదాకా చెమటోడ్చే పిల్ల కార్మికురాలు కాకపోతే మరేమిటి? 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ వారసులం మనం. ఈ ప్రశ్న మనకు తగలాలి.

అదే ఏడాది మార్చిలో ఎస్పా గ్రూపు గాయని కరీనా, తాను ఒక నటుణ్ణి ప్రేమిస్తున్న సంగతి బయటపడ్డందుకు అభిమానులకు క్షమాపణ చెబుతూ చేత్తో ఉత్తరం రాసింది. ప్రేమించినందుకు క్షమాపణ! పాట కొన్నవాడికి పాట మీద హక్కు ఉంటుంది. ఆ పిల్ల మనసు మీద హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

గృహస్థులైన ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాలు బుద్ధుడు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ప్రాణుల వ్యాపారం అంటే మనుషులను అమ్మడమని పాత వ్యాఖ్యానం. పాట అమ్మడం తప్పు కాదు, ఆట అమ్మడం తప్పు కాదు, శిక్షణ ఇవ్వడం అసలే తప్పు కాదు. ఏం తినాలో, ఎవరిని ప్రేమించాలో, శరీరాన్ని ఎట్లా చూపాలో కూడా కొన్నవాడి ఇష్టానికి వదిలేసినప్పుడు, అమ్ముడుపోయేది పాట కాదు, మనిషి. సమ్మా ఆజీవో అనే గీత నా దృష్టిలో అక్కడుంది.

మరి మనం చేయాల్సిందేమిటి?

పెద్దాయన మీద నాకు కోపం లేదు. మన ఆడవాళ్ళ శరీరాలను ఊరు ఎట్లా వాడుకుందో ఆయన కళ్ళారా చూశాడు. ఆ భయమే మైకు పట్టించింది. భయంలో నిజం ఉంది, కానీ అది పడాల్సిన చోట పడలేదు. వైశాలిలో అంబపాలి భోజనానికి పిలిస్తే బుద్ధుడు ఒప్పుకున్నాడు. తరవాత లిచ్ఛవి రాజకుమారులు వచ్చి పిలిస్తే, ఆమెకు మాట ఇచ్చాను అన్నాడు. ఆమె వృత్తిని ఆయన మెచ్చుకున్నట్టు కాదు. ఆ వృత్తిని నడిపించిన డబ్బున్న మగవాళ్ళ ముందు ఆమె మర్యాద తగ్గనివ్వలేదు. మనకు అది చాలు.

కాబట్టి ఇళ్ళల్లో పాటలు నిషేధించమని నేను చెప్పను. నిషేధిస్తే దుప్పటి కింద చూస్తారు. పిల్లల పక్కన కూర్చుని చూడండి. ఈ కెమెరా ఎవరి కన్ను అని అడగండి. ఈ పిల్లకు వద్దు అనే వీలుందా అని అడగండి. డబ్బు ఎవరికి పోతుందో కలిసి వెతకండి. మగపిల్లలను ఈ మాటల దగ్గర తప్పకుండా కూర్చోబెట్టండి. కామేసు మిచ్ఛాచారం అనే శీలం ఆడపిల్లల స్కర్టు కొలవడానికి పెట్టింది కాదు, ముందు మన కన్నును కాచుకోవడానికి పెట్టింది.

ఇక ఆ అమ్మాయికి నా జవాబు. అమ్మా, ఆట ఆడటం తప్పు కాదు. నెల రోజులు ఐదుగురు కలిసి కష్టపడటం తప్పు కాదు. ఆ నడుం తిప్పే భంగిమ నీకు నచ్చి పెట్టుకున్నావా, ఫోన్లో చూసి అట్లాగే దించావా అన్నది మాత్రం నిన్ను నువ్వు అడుక్కో. జవాబు నీదే, నేను చెప్పను. మైకు మీ మీద లేచినప్పుడు నేను లేవలేదు. అది నా తప్పు. వచ్చే జయంతికి పాట మీరే ఎంచుకోండి, అడుగులు మీరే కట్టుకోండి. ఎవరైనా మైకు పట్టుకుంటే ఈసారి నేను ముందు లేస్తాను. ఆదివారం వందనకు రా.

జై భీమ్.