ఎవరిదీ కాని నీరు, అందరిదీ అయిన నీరు: అంతర్జాతీయ జలాల మత్స్యసంపదలో వాటా – వాదధర్మ పరిశీలన

తెలుగులో ‘ఎవరిదీ కాదు’ అన్న మాటకూ ‘అందరిదీ’ అన్న మాటకూ మధ్య దూరం వ్యాకరణానికి చిన్నది, న్యాయానికి పెద్దది. ఎవరిదీ కాని వస్తువును మొదట అందుకున్నవాడు దొంగ కాడు. అందరిదైన వస్తువును ఒక్కడే తీసుకుంటే మాత్రం మిగిలినవారికి జవాబు చెప్పవలసి ఉంటుంది. తీరానికి 200 నాటికల్ మైళ్ళ అవతల, ఏ దేశపు ప్రత్యేక ఆర్థిక మండలికీ చెందని జలాల్లో తిరిగే చేప ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందన్నది నాలుగు శతాబ్దాలుగా తెగని ప్రశ్న. 1609లో వెలువడిన ‘మారే లిబెరుమ్’ గ్రంథంలో హ్యూగో గ్రోషియస్ సముద్రం ఏ రాజుకూ సొంతం కాజాలదని వాదించాడు. ఆ వాదం వెనుక తూర్పు దేశాల వర్తకంలో డచ్చివారి ప్రయోజనం ఉన్నదన్న సంగతి విస్మరింపరానిది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ఆ జలాల్లో చేపలు పట్టే స్వేచ్ఛను అంగీకరిస్తూనే దానికి సంరక్షణ బాధ్యతను జోడించింది. స్వేచ్ఛ ‘ఎవరిదీ కాదు’ నుంచి వచ్చింది, బాధ్యత ‘అందరిదీ’ నుంచి వచ్చింది. రెండూ ఒకే ఒప్పందంలో ఉన్నందువల్లనే ప్రతి చర్చకు ముందూ ప్రతి దేశమూ తన వైఖరిని నిర్ణయించుకోవలసి వస్తున్నది. అటువంటి వైఖరి ఎప్పుడు ధర్మబద్ధమవుతుందన్నది ఇక్కడి విచారణాంశం.

ఈ ప్రశ్నను విశాఖపట్నం రేవు నుంచి అడగడం సహజం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి అడగడం వింతగా తోచవచ్చు. ఈ ప్రాంతంలో ఎందరికో సముద్రమంటే దుబాయికో మస్కట్‌కో పోయే విమానం కింద కనిపించే నీరు మాత్రమే. అయితే నీటిలోని చేప ఎవరి వాటా అన్న తగవు ఇక్కడి చెరువు కట్టలకు కొత్త కాదు. తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టే హక్కు ప్రధానంగా మత్స్య పారిశ్రామిక సహకార సంఘాల చేతిలో ఉన్నది. సంఘంలో సభ్యత్వం ఉన్నవానికి వాటా ఉంటుంది, లేనివాడు గట్టు మీద నిలబడి చూడవలసిందే. చేపలు పట్టడం తమ కులవృత్తి గనుక ఆ సభ్యత్వం తమదేనని గంగపుత్రులు అంటారు. తామూ తరతరాలుగా ఈ నీటిమీదనే ఆధారపడి బతికామని ముదిరాజులు అంటారు. ఈ వివాదంలో ఇరుపక్షాలవారూ పేదవారే కావడం దానిని మరింత క్లిష్టం చేస్తున్నది. సభ్యత్వం కోరేవారికి వల విసరడం, ఈదడం వంటివాటిలో నైపుణ్య పరీక్ష పెట్టే పద్ధతి కూడా ఉన్నది. పుట్టుక ఏదైనా పని తెలిసినవాడు అర్హుడన్నది ఆ పరీక్ష వెనుక ఉన్న సూత్రం. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదలడంతో చేప విలువతో పాటు సభ్యత్వం విలువా పెరిగింది.

సిరిసిల్ల సమీపంలో మాన్వాడ వద్ద మానేరుపై నిర్మించిన మధ్యమానేరు జలాశయం ఈ తగవుకు ఇంకొక పక్షాన్ని చేర్చుతుంది. చీర్లవంచ, కొదురుపాక వంటి గ్రామాల భూములు ఆ నీటి కింద ఉన్నాయి. నిన్నటిదాకా వరి పండిన మడి మీద ఇవాళ బొచ్చె, రవ్వ తిరుగుతుంటే, ఆ చేప మీద ఆ రైతుకు ఏ హక్కూ లేదని చెప్పడం ఎలా? అతనికి వల విసరడం రాదు, వంశంలో ఎవరూ చేపలు పట్టలేదు. అయినా ఆ నీరు నిలవడానికి మూల్యం చెల్లించినవాడు అతడే. ఇలా ఒక్క జిల్లాలోనే వాటాకు నాలుగు ఆధారాలు ఎదురుపడుతున్నాయి: చరిత్ర, నైపుణ్యం, అవసరం, నష్టం. ఏ ఒక్కదాన్నీ అబద్ధమని తోసిపుచ్చలేము, ఏ ఒక్కదానితోనూ మొత్తం పంపకం పూర్తి కాదు.

ఈ నాలుగు ఆధారాలే హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ చర్చల్లో దేశాల నోట వినిపిస్తాయి. సీషెల్స్ రాజధాని విక్టోరియా కేంద్రంగా పనిచేసే ఆ సంస్థలో పట్టుబడి వాటాల సూత్రంపై ఏళ్ళ తరబడి చర్చ సాగింది. గతంలో ఎంత పట్టామో అంత వాటా కావాలన్నది సుదూర జలాలకు ఓడలు పంపే దేశాల వాదం. మా ప్రత్యేక ఆర్థిక మండలిలో మీ ఓడలు పట్టిన చేపను మీ చరిత్రగా ఎలా లెక్కిస్తారు, అది మా ఖాతాలోకి రావాలన్నది తీరదేశాల ప్రతివాదం. గట్టు మీద నిలబడినవాడు వలవాణ్ణి అడిగే ప్రశ్న ఇదే.

పోలిక ఇంతవరకే సాగుతుంది. చెరువులోని చేపపిల్లను ఎవరో వదిలారు, సముద్రంలోని ట్యూనాను ఎవరూ వదలలేదు. అంతకన్న ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. చెరువుకు కట్ట ఉన్నది. ఈ ఏడు చిన్న చేపను వదిలిపెట్టిన సంఘానికి వచ్చే ఏడు పెద్ద చేప దక్కుతుంది. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ప్రకటించిన గ్రంథంలో, ఉమ్మడి వనరులను స్థానిక సమాజాలు నియమాలు పెట్టుకొని నిలుపుకోగలవని చూపినప్పుడు, వనరుకూ సభ్యత్వానికీ స్పష్టమైన హద్దులు ఉండాలన్న షరతును మొదట చెప్పింది. సముద్రంలో ఆ హద్దు లేదు. ఒక దేశం వదిలిపెట్టిన ట్యూనా ఇంకొక దేశపు వలలో పడుతుంది. నిగ్రహం ఒకరిది, ఫలం మరొకరిది. కాబట్టి అక్కడ కట్టకు బదులు మాట నిలబడాలి. మాట నిలబడాలంటే అది ఎటువంటి మాట కావాలన్న ప్రశ్న వస్తుంది.

న్యాయసూత్రాలు కథను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. స్వపక్షమంటూ స్థాపించకుండా ఎదుటివాని పక్షాన్ని ఖండించడం మాత్రమే వితండ. వాడుకలో మొండివాదనకు ‘వితండవాదం’ అన్న పేరు స్థిరపడడంతో ఈ సూక్ష్మార్థం మరుగున పడింది. వితండ చేసేవాడు చెప్పేది అబద్ధం కానక్కరలేదు, అతని ఖండనలు అన్నీ నిజమే కావచ్చు. తనను తాను ఏ ప్రతిజ్ఞకూ కట్టుబెట్టుకోకపోవడమే అతని దోషం. అంతర్జాతీయ చర్చల్లోని వైఖరులను కొలవడానికి ఇంతకన్న పదునైన కొలమానం దొరకదు.

ఆ కొలమానంతో భారతదేశపు వైఖరిని చూస్తే చిత్రం మిశ్రమంగా కనిపిస్తుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022 జూన్‌లో మత్స్య సబ్సిడీల ఒప్పందం కుదిరిన సందర్భంలో, సముద్రాలను ఖాళీ చేసింది భారీ నౌకాదళాలకు దశాబ్దాలుగా రాయితీలిచ్చిన దేశాలేనని, ఆ భారం చిన్న జాలరిపై పడరాదని భారత్ వాదించింది. వర్ధమాన దేశాలకు 25 ఏళ్ళ గడువు కోరింది. ఇందులో చరిత్ర, అవసరం అన్న రెండు ఆధారాలూ బలంగా ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేట మానుకుంటున్నాయన్నదీ మరువరాదు. అది స్వపక్షస్థాపనే. కాని ట్యూనా కమిషన్‌లో 2021లో పసుపురెక్కల ట్యూనా పట్టుబడిని తగ్గించే తీర్మానంపై భారత్ అభ్యంతరం దాఖలు చేసింది. ఆ సంస్థ నియమాల ప్రకారం అభ్యంతరం చెప్పిన సభ్యదేశానికి తీర్మానం వర్తించదు. అభ్యంతరానికి కారణాలు ఉండవచ్చు. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో గేలాలతో ట్యూనాను పట్టే చిన్న పడవల బతుకు నిజమైనదే. అయితే దానికి బదులుగా తాము ఎంతకు కట్టుబడతామో చెప్పని అభ్యంతరం వితండకు దగ్గరగా జరుగుతుంది.

ఇక్కడ అవసరం అన్న ఆధారాన్ని ఇంకొంత నిశితంగా చూడవలసి ఉన్నది. చిన్న జాలరి పేరు మీద చేసే వాదం తీరజలాల్లో బలమైనది. 200 మైళ్ళు దాటే కొద్దీ ఆ బలం తగ్గుతుంది, ఎందుకంటే అంత దూరం పోయే పడవల్లో ఎక్కువ భాగం అతనివి కావు. తమిళనాడులోని తూత్తూరు జాలర్లు చిన్న పడవలతోనే సుదూర జలాలకు వెళ్తారన్న మాట నిజమే. వారి వంటివారి కోసం వాటా అడగడం ఉచితం. ఆ వాటాను ఎవరికి పంచుతారో చెప్పకుండా అడగడం మాత్రం అనుచితం. చెరువు సంఘంలో బీద సభ్యుల పేర్లు రాయించి గుత్త మొత్తం ఒక వ్యాపారి నడిపిస్తే దానిని ఎవరూ సహకారమనరు.

తనను తాను ముందుగా కట్టివేసుకొని మాట్లాడడం తెలుగునేలకు తెలియని పద్ధతి కాదు. జగిత్యాల దగ్గరి పొలాస కేంద్రంగా మేడరాజు ఏలిన సీమ 12వ శతాబ్దంలో కాకతీయుల వశమైంది. చెరువులకు పేరుపడ్డ ఆ వంశంలోని గణపతిదేవుడే 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు పగిలి తీరానికి కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారని, తాము నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదులుతున్నామని ఆ శాసనం సారాంశం. ఒడ్డుకు చేరిన సరుకు ‘ఎవరిదీ కాదు’ అన్న ఆచారాన్ని రాజు ఇక్కడ వదులుకున్నాడు. దయ, కీర్తి, ధర్మం తన కారణాలని చెప్పుకున్నాడు. రేవుకు వర్తకులు రావాలన్న లాభం కూడా ఆ మాటల వెనుక లేదని ఎవరూ అనరు. నిగ్రహానికీ ప్రయోజనానికీ వైరం లేదన్నది ఆ శాసనంలోని విశేషం. తమకు చెల్లుబాటయ్యే హక్కును ఎదుటివారు అడగకముందే కుదించి, ఆ కుదింపును రాతి మీద చెక్కించిన తరువాతనే గణపతిదేవుడు సముద్రం మీదివారి నమ్మకాన్ని కోరాడు.

ట్యూనా వాటాల చర్చలో అటువంటి శాసనానికి సమానమైనది ఏమిటో ఊహించడం కష్టం కాదు. 200 మైళ్ళ అవతల తన ఓడలు ఏటా ఎంతకు మించి పట్టవో భారత్ ఇతరులకన్న ముందే ప్రకటించవచ్చు. దక్కిన వాటాలో ఎంత భాగం సహకార సంఘాల పడవలకు పోతుందో ఆ ప్రకటనలోనే రాయవచ్చు. చరిత్ర పేరు చెప్పే సుదూర దేశాలను అప్పుడు అడిగే ప్రశ్న కూడా మారుతుంది: మీరు ఎంత పట్టారన్నది కాదు, మీరు దేనికి కట్టుబడతారన్నది. ఇటువంటి ముందస్తు ప్రతిజ్ఞ వల్ల బేరంలో పట్టు తగ్గుతుందని దౌత్యవేత్తలు అనవచ్చు, ఆ మాటలో కొంత నిజమూ ఉండవచ్చు. జల్పంలో అది నష్టమే. ప్రతిజ్ఞ లేనిదే వాదం మొదలు కాదని న్యాయశాస్త్రం అంటుంది. దౌత్యం ఆ రెండింటిలో దేన్ని ఎంచుకుంటున్నదో గట్టు మీద నిలబడినవారికి తెలియజేయవలసిన బాధ్యత దానికి ఉన్నది.