గడ మీది ధమ్మం





ఈసారి మాట ఒక తప్పుతో మొదలుపెడుతున్నాను. ఆ తప్పు మనువాదులది కాదు. నాది. మనది.

రెండేండ్ల కింద వానకాలం మొదట్ల ఎల్లారెడ్డి పక్కన మా వాడకు ఒక కుటుంబం వచ్చింది. మొగుడు పెండ్లాం, ఒక ముసలవ్వ, ఇద్దరు పిల్లలు. ఒక డోలు, రెండు వెదురు గడలు, చుట్ట చుట్టిన మోకు, ఒక ఇనుప రింగు. అదే వాళ్ల ఆస్తి. పొద్దంత అంగడిల ఆట ఆడిండ్రు. పొద్దుగూకే యాళ్లకు మొగులు పట్టింది. మన బుద్ధ విహారం ముంగట రేకుల షెడ్డు ఉన్నది కదా, ఆ ఒక్క రాత్రి అండ్ల పండుకుంటమని అడిగిండ్రు. ఆ ఇంటాయన రెండు చేతులు జోడించి, "దొరా, పొద్దుగాలనే లేచి పోతం" అన్నడు.

మా నాయన ఆ ఊర్లెనే జీతమున్నడు. దొర గడీ ముంగట నుంచి పోవాల్నంటే చెప్పులు చేతిల పట్టుకొని నడిచిన మనిషి. ఆయన కొడుకును పట్టుకొని ఒకాయన దొరా అన్నడు. నిజం చెప్తున్న, ఆ మాట నాకు చేదు అనిపియ్యలేదు.

మనోళ్లల్ల ఒకరు "దొమ్మరోళ్లను విహారంల పండవెడితే రేపు ఊరోళ్లు ఏమంటరు" అన్నరు. ఇంకొకరు "సామాన్లు పోతయి" అన్నరు. నేను ఏమీ అనలేదు. ఊకున్న. గంతే నా తప్పు. వాళ్లు గడలు భుజాన వేసుకొని బస్టాండు దిక్కు పోయిండ్రు. రాత్రంత వాన కొట్టింది. వచ్చే ఆదివారం మనం త్రిసరణం, పంచశీలం చెప్పుకున్నం. ఆ దినం మైత్రి గురించి మాట్లాడింది కూడా నేనే.

తథాగతుడు చెప్పిన ఆట

కొన్ని నెలల తర్వాత సంయుత్త నికాయం చదువుతున్నాను. సతిపట్ఠాన సంయుత్తంలో సేదక సుత్తం వచ్చింది. కన్ను అక్కడనే ఆగిపోయింది.

తథాగతుడు సుంభుల దేశంలో సేదక అనే ఊరిలో ఉన్నాడు. భిక్షువులను పిలిచి ఒక ఆటగాని కథ చెప్పాడు. వెదురు గడ మీద ఆట ఆడే ఒక గురువు, మేదకథాలిక అనే శిష్యుడు. గురువు గడ నిలబెట్టి శిష్యుణ్ని ఎక్కి తన భుజాల మీద నిలబడమన్నాడు. నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటాను, ఇట్ల ఒకరినొకరు కాపాడుకుంటూ ఆట చూపించి, పైసలు సంపాదించి, క్షేమంగా కిందికి దిగుదాం అన్నాడు. శిష్యుడు ఒప్పుకోలేదు. అట్ల కాదు గురువుగారూ, మీరు మిమ్మల్ని చూసుకోండి, నేను నన్ను చూసుకుంటాను, అప్పుడే ఇద్దరం క్షేమంగా దిగుతాం అన్నాడు.

తథాగతుడు శిష్యుని మాటనే సరైన పద్ధతి అన్నాడు. కానీ అక్కడ ఆగలేదు. తనను కాపాడుకున్నవాడు ఇతరులను కాపాడతాడు, ఇతరులను కాపాడినవాడు తనను కాపాడుకుంటాడు అని రెండు దిక్కులా చెప్పాడు. మొదటిది ఎట్లా? సాధనతో, ఎరుకతో, దాన్ని మళ్లీ మళ్లీ పెంచుకోవడంతో. రెండోది ఎట్లా? ఖంతి, అవిహింస, మెత్త, అనుద్దయ. అంటే ఓర్పు, హింస చేయకపోవడం, మైత్రి, దయ.

ఒక్క సంగతి గమనించండి. ఆ ఆటగాణ్ని సుత్తం 'చండాలవంసికుడు' అంటుంది. అది ఆట పేరే అని కొందరు పండితులు చెప్తారు. ఏదైనా కానీ, స్మృతి ఎట్లా నిలపాలో భిక్షువులకు చెప్పడానికి తథాగతుడు రాజును తేలేదు, యజ్ఞం చేసే బ్రాహ్మణుణ్ని తేలేదు. వీధిలో గడ ఎక్కి పొట్ట పోసుకునేవాణ్ని తెచ్చాడు. మనం విహారం షెడ్డులోకి రానియ్యనివాణ్నే ఆయన సుత్తంలో కూర్చోబెట్టాడు.

డేరా వెనక ఒక దినం

ఆ సుత్తం మనసులో ఉండగానే కామారెడ్డికి సర్కస్ వచ్చింది. బిడ్డను తీసుకొని పోయిన. ఆట అయినంక డేరా వెనక్కు పోయి, గడ మీద ఆడిన ఆమెతో మాట్లాడిన. ఆమెది అస్సాం. హిందీలో మాట్లాడింది. వయసు ముప్పై ఉంటుంది.

ఆమె దినం ఇట్లా ఉంటుంది. పొద్దున ఆరింటికి చాయ్, తర్వాత రెండు గంటల సాధన. ఎన్నేండ్ల నుంచి ఆడినా సాధన తప్పదు. ఒక్క వారం మానితే ఒళ్లు మర్చిపోతుందట. తర్వాత ట్యాంకర్ దగ్గర నీళ్లు పట్టుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, చిరిగిన జిగేల్ బట్టలు కుట్టుకోవాలి. ఒంటి గంటకు ఒక ఆట, నాలుగింటికి ఒకటి, రాత్రి ఏడింటికి ఒకటి. మూడు ఆటల మధ్య ఆకలైనా కడుపు నిండ తినరు. పడుకునే సరికి పదకొండు దాటుతుంది. ఊరు మారే రాత్రయితే నిద్రే లేదు. ఆఖరి ఆట అయిన వెంటనే గుంజలు పీకాలి, డేరా మడవాలి, లారీలకు ఎక్కించాలి. తెల్లారేసరికి ఇంకో ఊరు, ఇంకో మైదానం.

"గడ మీద ఉన్నప్పుడు ఏం అనుకుంటరమ్మా?" అని అడిగిన.

ఆమె నవ్వింది. "ఏమీ అనుకోను భయ్యా. అనుకుంటే పడిపోత. నా కాలు, నా ఊపిరి, గంతే. కిందున్నాయన గడ కొన చూస్తూ అడుగులు సర్దుకుంటడు. గడ నిలబెట్టే పని ఆయనది, కదలకుంట ఉండే పని నాది. భయపడి నేను కూడా సర్దబోయిన్ననుకో, ఇద్దరం సర్ది ఇద్దరం పడతం."

నాకు ఒళ్లు జలదరించింది. ఆమె సేదక సుత్తం చదవలేదు. తథాగతుడు మెచ్చిన శిష్యుని మాటనే ఆమె రోజూ మూడు పూటలు బతుకుతున్నది.

తర్వాత ఇంకో మాట అన్నది. "జాలి కట్టే పిల్లగాడు ఉన్నడు చూడు, వాడు ఎన్నడు పైకెక్కడు. మైకుల వాని పేరు చెప్పరు. మా పాణం వాని చేతిల ఉంటది. అందుకే పండుగకు మొదటి మిఠాయి వానికే ఇస్తం."

ఇది సుత్తంలో రెండో భాగం.

సగం ధమ్మం

బంధువులారా, మనం మొదటి భాగం బాగానే నేర్చుకున్నాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో దీక్ష తీసుకున్ననాటి నుంచి మనం మనల్ని చూసుకోవడం మొదలుపెట్టాం. చచ్చిన పశువును మొయ్యమన్నాం. డప్పు కొట్టి దండం పెట్టమన్నాం. పిల్లలను చదివించాం. ఎవరో దేవుడు వచ్చి మన గడ పట్టుకుంటాడని ఎదురు చూడటం మానేశాం. అది గొప్ప సంగతి. శిష్యుని మాట అదే కదా, నన్ను నేను చూసుకుంటాను అని.

కానీ ఆ మాట దగ్గరనే ఆగిపోతే అది సగం ధమ్మం. మనం గడ పైకి ఎక్కినం. కింద జాలి కట్టేవాణ్ని మర్చిపోయినం. మన కన్నా కింద ఒకరు కనపడగానే, మనల్ని తొక్కినోళ్ల మాటలే మన నోట్లకు వచ్చినయి. 'ఊరోళ్లు ఏమంటరు', 'సామాన్లు పోతయి'. ఈ రెండు మాటలు మన తాత ముత్తాతల గురించి ఎవరన్నరో మనకు తెల్వదా?

'దొమ్మరి' అనేది ఒక కులం పేరు. మనం దాన్ని తిట్టు చేసినం. ఆడపిల్ల గట్టిగ మాట్లాడితే ఆ మాట, పిల్లగాడు గంతులేస్తే ఆ మాట. మన కులాల పేర్లను తిట్లుగా వాడితే చట్టం కింద కేసు పెడతాం. పెట్టాల్సిందే. మరి ఈ మాట మన నోట్లకు ఎట్లా వస్తున్నది?

ఆ ఆట నిన్న మొన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి జాతరను వర్ణిస్తూ గడల మీద ఆడేవాళ్ల గురించి రాశాడు. ఏడు వందల ఏండ్లు దాటింది. అప్పుడూ జనం తలెత్తి చూశారు, ఇప్పుడూ తలెత్తి చూస్తారు. ఆట అయిపోగానే తల దించి చూస్తారు. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో మన దేశపు మొదటి సర్కస్ పెట్టాడని చరిత్రలో ఉంది. కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ పెట్టి పేరు సంపాదించాడని మనందరికీ తెలుసు. డేరా లేకుండా, టికెట్ లేకుండా, ఊరి నడుమ మట్టి మీద తరతరాలుగా అదే సాహసం చేసినవాళ్ల పేర్లు ఎవరు రాశారు?

పైగా 1871లో ఇంగ్లీషు సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. అనేక సంచార జాతులకు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది. ముద్ర మన మనసులో ఉండిపోయింది. 'సామాన్లు పోతయి' అన్న మాట ఆ చట్టం మాటే.

బాబాసాహెబ్ 1948లో అంటరానివారి గురించి రాసిన గ్రంథానికి ముందుమాటలో అంటరానివాళ్లను, ఆదివాసులను, నేరస్థులని ముద్ర పడిన జాతులను ఒకే చోట లెక్కబెట్టాడు. మూడు గుంపులనూ పుట్టించింది ఒకే సమాజమని నిలదీశాడు. ఆయన మనల్ని వాళ్లతో కలిపి లెక్క రాస్తే, మనం గీత గీసి వేరు చేసినం. మనుషులంతా సమానమని నమ్ముతానని, ఆ సమానత్వం కోసం పాటుపడతానని 22 ప్రతిజ్ఞల్లో మనం చెప్పుకున్నది ఎవరి కోసం?

ఉగ్గసేనుడు దిగిన గడ

ధమ్మపద కథల్లో ఉగ్గసేనుడు ఉన్నాడు. రాజగృహంలో శ్రేష్ఠి కొడుకు. ఆటగాని బిడ్డను ఇష్టపడ్డాడు. పిల్ల కావాలంటే మాతోపాటు తిరగాలి అన్నాడు ఆ తండ్రి. ఆస్తి వదిలి వాళ్ల వెంట బండి తోలాడు. పని రానివాడని భార్య పిల్లవాని జోలపాటలో దెప్పితే, పట్టుపట్టి ఆట నేర్చాడు. అరవై మూరల గడ మీద ఆడేంత ఎదిగాడు. ఒకనాడు అతడు గడ మీద ఉండగా తథాగతుడు వచ్చాడు. జనం చూపు అటు తిరిగింది. తన ఆట ఎవరూ చూడటం లేదని ఉగ్గసేనుడు డీలా పడ్డాడు. తథాగతుడు ఆ ఆటను తక్కువ చేయలేదు. మొగ్గల్లానుని పంపి ఆడమని చెప్పించాడు. ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు. గడిచినదాన్ని, రాబోయేదాన్ని, ఇప్పుడున్నదాన్ని పట్టుకొని వేలాడకు, దాటిపో అని బోధించాడు. ఉగ్గసేనుడు గడ దిగి సంఘంలో చేరాడు. క్షురకుడైన ఉపాలి, వీధులూడ్చిన సునీతుడు కూర్చున్న సంఘం అది. గడ ఆటగానికి అక్కడ చోటు దొరికింది. మన రేకుల షెడ్డులో దొరకలేదు.

అట్లని కళ పేరు మీద బాధను మెచ్చుకొమ్మని కాదు. పులి, సింహం, ఎలుగుబంటి, కోతులతో ఆటలాడించొద్దని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. పిల్లలను సర్కస్‌లో పెట్టొద్దని 2011లో అదే కోర్టు చెప్పింది. రెండూ అవిహింస దారిలో పడిన అడుగులే. కానీ తాడు మీది పిల్లను దించితే సరిపోదు. దిగిన పిల్లకు బడి కావాలి. ఊరే లేనోళ్లకు కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, హాస్టల్ సీటు ఎట్లా వస్తాయి? కాగితాలు రాయడం మనకు వచ్చు. ఎమ్మార్వో ఆఫీసు మెట్లు ఎక్కడం మనకు వచ్చు. బాబాసాహెబ్ ఇచ్చిన చదువు అది. దాన్ని వాళ్ల కోసం ఖర్చు పెట్టడమే అనుద్దయ.

వచ్చే పౌర్ణమికి

ఆ కుటుంబం మళ్లా రాలేదు. అంగడి దినాల్లో డోలు చప్పుడు వినపడితే నేను లేచి చూస్తాను. ఇప్పటిదాకా వేరేవాళ్లే. ఆ ఇంటాయన కనపడితే చెప్పాల్సిన మాట ఒకటుంది. "నన్ను దొరా అనకు. అన్నా అను."

వచ్చే పౌర్ణమి వందన అయినంక మన విహార కమిటీ ముందర మూడు సంగతులు పెడుతున్నాను. ఒకటి, ఊరూరా తిరిగి బతికేవాళ్లు ఎవరు వచ్చినా రాత్రిపూట షెడ్డు, నీళ్లు, ఒక బల్బు ఇయ్యాలి. రెండు, మన ఇండ్లల్ల ఏ కులం పేరూ తిట్టుగా వినపడొద్దు, ముందుగా పెద్దల నోట. మూడు, వాళ్ల పిల్లల పత్రాల కోసం మనలో చదువుకున్న ఇద్దరు బాధ్యత తీసుకోవాలి. అందులో ఒకణ్ని నేను.

మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు. రండి, మాట్లాడుకుందాం. తథాగతుడు గుడ్డిగా నమ్మమనలేదు, పరీక్షించి చూసుకొమ్మన్నాడు. వచ్చేముందు ఒక్కసారి ఇంటి దగ్గర కండ్లు మూసుకొని ఊపిరి చూసుకోండి. గడ మీద నిలబడ్డట్టు మీ కాలు ఎక్కడుందో, మీ మనసు ఎటు ఒరుగుతున్నదో చూసుకోండి. ఆ తర్వాత కండ్లు తెరిచి, మీ కింద జాలి పట్టుకొని నిలబడ్డది ఎవరో చూడండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.