యోనాతాను నిమిత్తము
(ధ్యానభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము)

ప్రియులారా, కాలేజీలో మాతోకూడ చదివిన మిత్రుని నంగునూరులో సమాధిచేసి మూడు నెలలాయెను. ఆ దినమున మేమందరము ఏడ్చితిమి, అతని మంచితనమును చెప్పుకొంటిమి. అంతటితో స్నేహధర్మము తీరినదా?

దావీదు యోనాతానుకొరకు విలపించుటతో ఆగలేదు. కుంటివాడైన అతని కుమారుడు మెఫీబోషెతును పిలిపించి, తాత భూములను తిరిగి ఇప్పించి, తన బల్లయొద్ద భోజనము పెట్టెను.

మన సంఘచరిత్రలోను ఇట్టి స్నేహమున్నది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన అజరయ్య, కె.టి. పాల్ గార్లు 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకులలో నుండిరి. 1931లో పాల్‌గారు గతించిరి. దోర్నకలు బిషప్పు అజరయ్యగారు 1945లో తాము మరణించువరకు సువార్తపని విడువలేదు.

మేమో, మిత్రుని బిడ్డ బడికి పోవుచున్నదో లేదో నేటివరకు విచారింపనైతిమి. ప్రభువు మమ్మును క్షమించి ఆ గడపకు నడిపించునుగాక. ఆమేన్.