సగం ఫలం: రాయ్‌పూర్ తెలుగువారి ఆదివారపు తీర్థాలు

స్మృతి, పురాణ వాక్యాలను విషయవారీగా కూర్చి నిర్ణయాలు చెప్పిన మధ్యయుగ పండితులను నిబంధకారులు అంటారు. తీర్థయాత్రా ఫలాన్ని విచారించిన సందర్భంలో వీరు ఉదాహరించిన వాక్యాల్లో ఒక విచిత్రమైన లెక్క కనిపిస్తుంది. ఆ లెక్క ప్రకారం ఇతరుల కోసం యాత్ర చేసినవాడికి పుణ్యంలో పదహారో వంతు దక్కుతుంది. ప్రసంగవశాత్తూ వెళ్లినవాడికి సగం దక్కుతుంది. ఇక్కడ ప్రసంగం అంటే ఉపన్యాసం కాదు. ఒక పని మీద బయలుదేరినవాడికి దారిలో మరొకటి తటస్థపడడం అని దాని అర్థం. వర్తకం కోసం కాశీకి వెళ్లి, వెళ్లాడు గనుక గంగలో మునిగినవాడు ప్రాసంగికుడు. అతడిని శాస్త్రం పాపి అనలేదు, యాత్రికుడనీ అనలేదు. చేతిలో సగం పెట్టి పంపింది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ సగం చాలా దగ్గరి విషయం. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయినప్పటి నుంచి ఉత్తరాంధ్రకు ఈ ఊరు ఒక్క బండి దూరంలో ఉంది. సోవియట్ సహకారంతో సమీపంలోనే కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి కొలిమి వెలిగిన తరువాత పని వెతుక్కుంటూ వచ్చేవారికి మరొక గమ్యం దొరికింది. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడిన తరువాత రాజధానికి తగిన కొలువులు, వ్యాపారాలు తోడయ్యాయి. ఇలా జీతం కోసం వచ్చి, ఆదివారం సెలవు గనుక పిల్లలతో కలిసి రాజిమ్‌కో, చంపారణ్‌కో, సిర్‌పూర్‌కో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే కుటుంబం చేసినది తీర్థయాత్రా, విహారమా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఫలం సగానికి తగ్గడానికి భక్తిలోని లోపం ఒక్కటే కారణమనుకుంటే లెక్క సరిగా అర్థం కాదు. యాత్రకు విడవడం, చేరడం అనే రెండు భాగాలున్నాయి. ఇల్లు, పొలం, కొలువు, కొన్నాళ్లపాటు శరీర సుఖాన్ని కూడా విడిచి బయలుదేరినవాడే పూర్వపు అర్థంలో యాత్రికుడు. తిరిగి వస్తాడో రాడో తెలియని రోజుల్లో ఆ విడుపు చిన్నది కాదు. వలసవచ్చిన ఉద్యోగి కూడా ఇల్లు విడిచినవాడే. కానీ ఆ విడుపును అతడు జీతానికి సమర్పించాడు. చేరడాన్ని మాత్రం దేవుడికి ఇస్తున్నాడు. రెండు సగాలూ అతని జీవితంలో ఉన్నాయి, కాకపోతే ఒకదానికొకటి అతకలేదు. సోఫియాలో కొలువు చేస్తూ శనివారం బల్గేరియా కొండల్లోని రీలా మఠం చూసి వచ్చే తెలుగు ఇంజనీరు పరిస్థితి కూడా ఇదే. పదో శతాబ్దంలో యోవాన్ అనే సన్యాసి లోకాన్ని విడిచి ఏకాంతం వెతుక్కున్న ఆ కొండలకు, అతడు దేన్నీ విడవకుండానే మధ్యాహ్న భోజనం వేళకు చేరుకుంటాడు.

అయితే ఈ లెక్కను తలకిందులు చేసే స్థలం రాయ్‌పూర్‌కు అతి సమీపంలోనే ఉంది. మహానది, పైరీ, సోండూర్ నదులు కలిసే రాజిమ్‌లో రాజీవలోచనుడిని దర్శించుకున్నవారు సాధారణంగా దగ్గరలోని చంపారణ్‌కు కూడా వెళతారు. శుద్ధాద్వైత మతాన్ని, అనగా మాయాసంబంధం లేని శుద్ధ బ్రహ్మమే జగత్తుగా పరిణమించిందని చెప్పే వేదాంతాన్ని, ప్రతిపాదించిన వల్లభాచార్యులు 1479లో ఇక్కడే జన్మించారని సంప్రదాయం చెబుతుంది. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ తెలుగు బ్రాహ్మణులు. కాశీలో ఉంటున్న ఆ దంపతులు దండయాత్ర భయంతో దక్షిణానికి పయనమై అడవిలో నడుస్తుండగా నెలలు నిండకుండానే ప్రసవం జరిగిందనీ, చలనం లేని శిశువును మృతుడనుకుని చెట్టు మొదట విడిచి వెళ్లారనీ, తిరిగి వచ్చి చూస్తే అగ్నివలయం మధ్యలో బిడ్డ సజీవంగా ఉన్నాడనీ సాంప్రదాయిక చరిత్రలు వర్ణిస్తాయి. అద్భుతాంశాన్ని విశ్వాసులకు వదిలేసినా, కథలోని ఒక అంశం మిగులుతుంది: ఆ తల్లిదండ్రులు చంపారణ్‌కు యాత్రగా రాలేదు. అది వారి గమ్యమే కాదు. ఒక మహాతీర్థం ప్రసంగవశాత్తూ పుట్టింది.

ఆ బిడ్డ పెద్దవాడై చెప్పిన సిద్ధాంతం కూడా లెక్కలకు లొంగేది కాకపోవడం గమనించదగినది. భాగవతం పోషణమనే మాటకు భగవదనుగ్రహమని అర్థం చెప్పింది; దాని నుంచే వల్లభులు తమ మార్గానికి పుష్టి అనే పేరు గ్రహించారు. జీవులను ఆయన మూడు విధాలుగా విభజించారు. సంసారపు ఒరవడిలో కొట్టుకుపోయేవారు ప్రవాహ జీవులు. శాస్త్రం చెప్పిన సాధనకు శాస్త్రం చెప్పిన ఫలాన్ని పొందేవారు మర్యాదా జీవులు. సాధన బలంతో పని లేకుండా అనుగ్రహం వల్లనే ఉద్ధరించబడేవారు పుష్టి జీవులు. సగం, పదహారో వంతు అనే నిర్ణయాలన్నీ మర్యాదకు చెందినవి. పుష్టిలో త్రాసే లేదు గనుక సగం అన్న మాటకు అర్థమే ఉండదు. అలాగని సెలవురోజు విహారానికి పుష్టి అని పేరు పెట్టుకోవడం కుదరదు. తనంతట తాను కోరి తీసుకోగలిగినది అనుగ్రహం కాదు. ఆదివారపు సందర్శకుడు తనను ప్రవాహంలో ఉన్నవాడిగానే లెక్కించుకోవడం నిజాయితీ. ప్రవాహంలో ఉన్నవాడికే గదా రేవు కావలసింది. తీర్థ శబ్దానికి మొదటి అర్థం రేవే.

చంపారణ్‌కు వచ్చే యాత్రికుల నోట నేడు తరచుగా వినిపించే భాష గుజరాతీ. ఆచార్యులు తెలుగువారైనా ఆయన మార్గాన్ని ఇంటింటా నిలుపుకున్నది గుజరాత్, రాజస్థాన్ వైష్ణవులు. తెలుగు సందర్శకుడు అక్కడ అతిథిలా నిలబడతాడు. ఇందులో చిన్నబుచ్చుకోవలసినది ఏమీ లేదు గాని, తెలుసుకోవలసినది మాత్రం చాలా ఉంది.

మహానది ఒడ్డునే ఉన్న సిర్‌పూర్ మరొక రకం ప్రయాణికుడిని గుర్తుచేస్తుంది. ఏడో శతాబ్దంలో రాణి వాసట తన భర్త హర్షగుప్తుని స్మృతిగా కట్టించిన ఇటుకల విష్ణ్వాలయం, లక్ష్మణ మందిరమనే పేరుతో, నేటికీ అక్కడ నిలిచి ఉంది. అదే శతాబ్దంలో చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ ఈ ప్రాంతాన్ని, అంటే నాటి దక్షిణ కోసలను, చూసి, బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఇక్కడ శాతవాహన రాజు ఆశ్రయంలో నివసించాడన్న గాథను రాసుకుని, ఇక్కడి నుంచి వేంగి వైపు, ఆంధ్రదేశానికి సాగిపోయాడు. నేటి ఉద్యోగులు వచ్చిన దారినే అతడు ఎదురు దిశలో నడిచాడు. అతని విడుపు మాత్రం పూర్తిగా ధర్మం కోసమే జరిగింది.

పూజకు ముందు చెప్పుకునే సంకల్పంలో కర్త తానున్న చోటును శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో చెప్పి గుర్తించడం తెలుగువారి ఆచారం. రాయ్‌పూర్ ఇంట్లో ఆ దిక్కు ఈశాన్యం; ప్రవాసి ఎక్కడున్నాడో అతని పూజకు తెలుసు. పంచాంగం దగ్గర మాత్రం కొంత జాగ్రత్త అవసరం. వల్లభ జయంతిని రాయ్‌పూర్ పంచాంగాలు వైశాఖ బహుళ ఏకాదశిగా చూపుతాయి. నెలను పౌర్ణమితో ముగించే ఉత్తరాది లెక్క అది. అమావాస్యతో ముగించే తెలుగు పంచాంగంలో అదే తిథి చైత్ర బహుళ ఏకాదశి అవుతుంది గనుక, ఆనాడు చంపారణ్ వెళ్లదలచిన తెలుగువారు ఒక నెల ముందు పుటలోనే దానిని వెతుక్కోవాలి.